శీతాకాలమే రైతుబజారుకు అసలు పరీక్ష

వరంగల్: మార్గశిరం దాటి పుష్యం ప్రవేశించేసరికి ఓరుగల్లు అంగళ్ల రూపు మారిపోతుంది. చిక్కుడు, పచ్చి కందికాయ, మెంతికూర, ఉల్లికాడలు, ముల్లంగి, టమాట, రేగుపండ్లు ఒక్కసారిగా గంపలకెత్తుతాయి. వినియోగదారుకు ఏడాదిలో ఇంతకంటే మంచి రోజులు లేవు. కూరగాయల రైతుకు మాత్రం ఇవే గడ్డురోజులు. సరుకు పెరిగినకొద్దీ ధర పడిపోతుంది. ధర పడిపోయినప్పుడు నగరం దాకా తెచ్చి అమ్ముకోవడమే భారమవుతుంది. రైతును, కొనుగోలుదారును ముఖాముఖి కలిపేందుకు పుట్టిన రైతుబజారు తన ఆశయాన్ని నిలుపుకుంటుందా, నీరుగారుస్తుందా అన్నది తేలేది ఈ మూడు నెలల్లోనే.

మధ్యవర్తి లేని అంగడి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999 జనవరి 26న రైతుబజార్లకు శ్రీకారం చుట్టింది. అంతకుముందే 1987లో పంజాబ్‌లో ‘అప్నీ మండీ’ మొదలైంది. 1999 నవంబరులో తమిళనాడు ‘ఉళవర్ సంతై’ పేరుతో అదే బాట పట్టింది. హన్మకొండ రైతుబజారు కూడా ఈ పథకం ఫలమే. కూరగాయలు పండించే రైతులను గ్రామాల్లో గుర్తించి కార్డులివ్వడం, స్థలానికి అద్దె వసూలు చేయకపోవడం, రోజూ ధరల పట్టిక ప్రదర్శించడం పథకానికి మూలస్తంభాలు. టోకు ధర కంటే సుమారు 25 శాతం ఎక్కువగా, బయటి చిల్లర ధర కంటే సుమారు 25 శాతం తక్కువగా రేటు నిర్ణయించాలన్నది సూత్రం. ఇరుపక్షాలకూ మేలు చేయాలన్నదే దీని ఉద్దేశం.

ఈ ఉద్దేశం ఎంత అవసరమో చెప్పడానికి రిజర్వు బ్యాంకు 2024 అక్టోబరులో వెలువరించిన పరిశోధన పత్రం చాలు. వినియోగదారు చెల్లించే ప్రతి రూపాయిలో రైతుకు దక్కుతున్నది టమాటలో 33 పైసలు, ఉల్లిలో 36 పైసలు, ఆలుగడ్డలో 37 పైసలేనని అందులో తేలింది. మిగిలినదంతా రవాణాకు, కమీషన్‌కు, తరుగుకు, వ్యాపారుల లాభాలకు పోతున్నది.

లెక్క తప్పేది ఎక్కడ

సూత్రం బాగున్నా చలికాలంలో లెక్క తలకిందులవుతుంది. ఉదాహరణకు టమాట టోకు ధర కిలో రూ.8, చిల్లర ధర రూ.16 ఉందనుకుంటే, సూత్రం ప్రకారం రైతుబజారు ధర రూ.10 నుంచి రూ.12 మధ్య ఉండాలి. అంటే రైతుకు కిలోకు అదనంగా దక్కేది రూ.2 నుంచి రూ.4. యాభై కిలోలు తెచ్చిన రైతుకు మిగిలేది రూ.100 నుంచి రూ.200. టోకు మార్కెట్‌లో పడే కమీషన్, హమాలీ తప్పుతాయన్నది నిజమే. కానీ ఆటో కిరాయి, ఒక రోజు పని నష్టం అందులోంచే పోవాలి. ధర్మసాగర్, ఐనవోలు, గీసుగొండ, సంగెం వంటి మండలాల నుంచి తెల్లవారకముందే బయలుదేరి మధ్యాహ్నం దాకా కూర్చునే రైతుకు ఇది గిట్టుబాటయ్యే వ్యవహారం కాదు. 2023 జులైలో టమాట కిలో వంద రూపాయలు దాటినప్పుడు గగ్గోలు పుట్టింది. చలికాలంలో అదే టమాట కోత కూలి కూడా రాక చేనులోనే మురిగిపోతే అంత చర్చ జరగదు.

రైతు రాని చోట పీట ఖాళీగా ఉండదు. కార్డు ఒకరిది, అమ్మకం మరొకరిది అన్న ఆరోపణ రైతుబజార్లపై ఏళ్ల తరబడి వినిపిస్తున్నదే. స్థానికంగా పండని ఉల్లి, ఆలుగడ్డల కోసం మహిళా సంఘాలకు చోటు కల్పించడం సమంజసమే. అయితే ఇక్కడే పండే కూరలను సైతం టోకున కొని తెచ్చి రైతు పీట మీద అమ్మితే బజారు పేరు మాత్రమే మిగులుతుంది.

వాడిపోయేదే రైతు బలం

ఈ చిక్కుకు సగం జవాబు శీతాకాలపు పంటలోనే ఉంది. ఉల్లి, ఆలుగడ్డ వందల కిలోమీటర్లు ప్రయాణించినా చెడవు. అందుకే అవి వ్యాపారి సరుకు. మెంతికూర, కొత్తిమీర, పాలకూర, పుంటికూర తెంపిన పూటకే వాడుముఖం పడతాయి. పచ్చి కందికాయ రెండు రోజులు నిల్వ ఉంటే గింజ గట్టిపడి కమ్మదనం కోల్పోతుంది. దూరం నుంచి తెచ్చే వ్యాపారి వీటిలో పక్క ఊరి రైతుతో పోటీపడలేడు.

పైగా ఇవి కాలానికి కట్టుబడిన పంటలు. నాటు చిక్కుడు పగటి పొద్దు తగ్గితేనే పూతకొస్తుంది. మెంతి, కొత్తిమీర ఎండ ముదిరితే ఆకు ఎదగకుండానే పూతకు వచ్చేస్తాయి. ఒక్క టమాటనే నమ్ముకున్న రైతు ధర పడితే కుదేలవుతాడు. అదే గంపలో నాలుగు రకాల ఆకుకూరలు, చిక్కుడు కలిపి తెచ్చుకున్న రైతుకు రాకపోకల ఖర్చు పోను నాలుగు డబ్బులు మిగిలే అవకాశం ఉంటుంది.

తగ్గుతున్న కూరగాయల మడి

అయితే ఆ నాలుగు రకాలు పండించే చేయి ఏది? ఉమ్మడి వరంగల్ జిల్లా పత్తి, మిర్చి, వరికి పెట్టింది పేరు. చలికాలంలో ఎనుమాముల మార్కెట్ పత్తి బస్తాలతోను, ఆ వెంటనే మిర్చితోను నిండిపోతుంది. చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. సాగునీరు అందిన చోటల్లా వరి విస్తరించింది. సాధారణ రకం వరికి 2025-26లో క్వింటాలుకు రూ.2,369 మద్దతు ధర ఉండగా, కూరగాయలకు అలాంటి భరోసా ఏదీ లేదు. దీనికి కోతుల బెడద తోడైంది. కాయ కంటబడితే చాలు మందలుగా వచ్చి పీకిపారేస్తుండటంతో ఇంటి పెరటి చిక్కుడు పందిరిని సైతం వదులుకున్న పల్లెలు అనేకం.

చేయవలసినదేమిటి

కేరళ ప్రభుత్వం 2020 నవంబరు 1 నుంచి కూరగాయలు, పండ్లు, దుంపలు కలిపి 16 రకాలకు కనీస ధర ప్రకటించింది. సాగు ఖర్చుపై 20 శాతం అదనంగా లెక్కగట్టడం అందులోని పద్ధతి. ఇక్కడ అంత దూరం వెళ్లకపోయినా, శీతాకాలం మూడు నెలలు గ్రామాల నుంచి రవాణా సదుపాయం కల్పించవచ్చు. కార్డుదారు నిజంగా ఆ పంట వేశాడా లేదా అన్నది సీజన్ మొదట్లోనే చేనులో తనిఖీ చేయవచ్చు. జనగామ జిల్లాలోని ఏనెబావి రెండు దశాబ్దాలుగా రసాయనాలు లేని సాగుకు పేరొందింది. అలాంటి పల్లెల పంటకు నగరంలో ప్రత్యేక పీటలు కేటాయించవచ్చు.

మిగతా సగం జవాబు కొనుగోలుదారు సంచిలో ఉంది. ఒకే పీట మీద పదిహేను ఇరవై రకాలు, అన్నీ ఒకే సైజులో నిగనిగలాడుతుంటే అది ఒక రైతు చేనులో పండినది కాకపోవచ్చు. రెండు మూడు రకాలే ఉండి, కాయలు చిన్నా పెద్దగా, వేళ్లకు మట్టితో కట్టలు కనిపిస్తే అక్కడ రైతు కూర్చున్నాడని అనుకోవచ్చు. ఏడాది పొడవునా అవే నాలుగు కూరలు అడిగే అలవాటు వ్యాపారికి దారి తెరుస్తుంది. సంక్రాంతికి సకినాల పిండిలో కొత్త నువ్వులు కలిపే నగరం, ఈ మూడు నెలలు కాలపు కూరలను రైతు చేతి నుంచే కొంటే ఆ పీట రైతుకు దక్కుతుంది. లేనిపక్షంలో బోర్డు మీద రైతు పేరు, తక్కెడ వెనుక వ్యాపారి మిగులుతారు.