ఇల్లు – పెరడు: పట్టకారు పురుగునకు బోను



ఈ మాసము వచ్చిన జాబులలో ఒకటి తక్కినవానిని వెనుకకు నెట్టినది. వ్రాసిన సోదరి యింట ఎనిమిది నెలల బిడ్డ ప్రాకులాడుచున్నాడు. వానలు మొదలైనప్పటినుండి స్నానపుగది తూము వద్దను, పెరటి గడప క్రిందను, రాత్రివేళ గోధుమవన్నె పురుగులు తిరుగుచున్నవట. వాని తోక చివర చిన్న పట్టకారు వంటిది కలదట. "ఈ పురుగు చెవిలో దూరి మెదడు తినునని మా యత్తగారు బిడ్డను నేలపై దింపనీయరు. ఊయల క్రింద మందుపొడి చల్లుమని ప్రతిదినము పోరుచున్నారు. నాకు పురుగన్న నెంత భయమో పొడియన్నను అంతే భయము. ఏమి చేయుదును?" అని ఆమె ప్రశ్న.

సోదరీ, మీ రెండు భయములలో పొడిని గూర్చిన భయమే సరియైనది. ప్రాకెడు బిడ్డ నేలనంటిన చేతిని నోట పెట్టుకొనక మానడు. పూర్వము గమేక్సిన్ అను పేర మన యిండ్లలో మూలమూలల చల్లుచుండిన బి.హెచ్.సి. పొడి 1997లో మన దేశమున నిషేధింపబడినది. మా యమ్మ కాలమున దానిని బియ్యపు గాదె ప్రక్కనే చల్లెడివారు. తలచుకొనిన ఇప్పటికిని ఒళ్లు జలదరించును. నేడు అంగళ్లలో దొరకునవి వేఱు మందులే కావచ్చును. అయినను ఊయల క్రింద చల్లదగిన విషము ఏదియు లేదు. అత్తగారితో వాదింపక, ఈ పుటను చదివి వినిపింపుడు.

ఇక చెవి సంగతి. ఇంగ్లీషువారు ఈ పురుగును ఇయర్ విగ్ అందురు. ఆ పేరునకు చెవి పురుగనియే యర్థము. మీ యత్తగారును, సముద్రముల కావలనున్న అవ్వలును ఒకే భయమును పంచుకొనిరన్నమాట! కాని ఇది చెవిని వెదకికొని పోవునది కాదు, మెదడును తినునది అంతకన్న కాదు. చీకటియు, తడియు, ఇఱుకును గల చోటు దీనికి ప్రీతి, అంతియే. బొద్దింకయైనను, చీమయైనను పొరపాటున చెవిలో దూరినట్లు ఇదియు నెప్పుడో దూరవచ్చును. ఏ పురుగు దూరినను పుల్లతో కెలుకరాదు. బిడ్డను వైద్యునికి చూపవలయును. చీము కారు చెవిలోను, కర్ణభేరికి రంధ్రమున్న చెవిలోను నూనె పోయరాదు. తోకనున్న పట్టకారులో విషము లేదు. చేత పట్టినచో కొంచెము నొక్కును. మగదాని పట్టకారు వంకరగాను, ఆడుదానిది ఇంచుమించు నిటారుగాను ఉండును. మా యింట దీనిని పట్టకారు పురుగనియే పిలుతుము.

అట్లయిన దీనివలన చెఱుపు లేదా యన్న, కలదు. లేత నారును కొఱుకును, పూల రేకులకు బెజ్జములు చేయును, మెత్తని పండ్లలో దూరును. దక్షిణ హిందూదేశపు వేరుసెనగ చేలలో ఈ కులమునకు చెందినదే యొకటి లేత కాయకు రంధ్రము చేసి లోని పప్పును తినును. కాని తెల్లవారి ఆకు చిల్లులు చూచి, ఎదుటబడిన పురుగుపై నేరము మోపుట న్యాయము కాదు. గొంగళియు, నత్తయు గూడ రాత్రులే మేయును. రాత్రి తొమ్మిది గంటలు దాటిన పిదప దీపము తీసికొని మొక్కలయొద్దకు పొండు. ఆకుమీద ఎవరున్నారో వారే దొంగ.

దొంగ ఇదే యని తేలినచో బోను పెట్టుట మిక్కిలి సులభము. ఎలుకకు ఎర కావలయును. దీనికి పడకగది చాలును! రాత్రియంతయు తిరిగి, తెల్లవారకముందే ఇఱుకు చోటు వెదకికొనును గనుక, ఆ చోటును మనమే అమర్చవలయును. పాత వార్తాపత్రికను వదులుగా చుట్టి, నడుమ చిటికెనవ్రేలు దూరునంత సందు విడిచి, దారముతో కట్టుడు. నీట ముంచి పిండి, సందెవేళ గోడ వెంబడిని, మొక్కల మొదళ్ల యందును, తూము ప్రక్కను పెట్టుడు. పెరటిలో వెదురున్నచో, ఒకవైపు కణుపు మూసియున్న జానెడు ముక్కలు ఇంకను మేలు. వానకు చివుకవు, మరల మరల పనికివచ్చును. ఇంగ్లండు తోటలలో డాలియా పూలను కాచుటకు చిన్న పూలకుండీలో గడ్డి కూరి, కఱ్ఱపై బోర్లించి పూల నడుమ నిలుపుదురు. నేను కుండీకి మాఱుగా కొబ్బరిచిప్పలో వరిగడ్డి కూరి బంతిమొక్కల నడుమ పెట్టితిని. ఆ గడ్డిలోను వచ్చి దాగినవి.

తెల్లవారగనే, ఎండ తగులకముందే, ఆ చుట్టలను బకెట్టుపై దులుపవలయును. బకెట్టులో సబ్బునీరున్నచో అవి మునిగిపోవును. ఈ పని ఒక్కపూట మఱచినను మనము చేసినది బోను కాదు, వానికి కట్టి యిచ్చిన సత్రము. మా పెరటిలో మొదటి ఉదయము ఆఱు పుంజీలు పడినవి. చేతిలోని చుట్టను జారవిడిచితినని చెప్పుటకు సిగ్గేల? పదిదినములు గడచునప్పటికి చుట్టకు ఒకటి రెండు మాత్రమే మిగిలినవి.

నూనె డబ్బా మఱియొక విధము. లోతు తక్కువగల రేకు డబ్బాను అంచు నేలకు సమముగా నుండునట్లు పూడ్చి, అర అంగుళము వంటనూనె పోసి, చేపనూనె చుక్కలు కొన్ని కలుపుదురు. ఆ వాసనకు వచ్చి పడి చచ్చును. మాంసాహారము లేని యిండ్లవారికి పైని చెప్పిన చుట్టలే చాలును. నాకీ డబ్బా అంతగా నచ్చలేదు. మనకు మేలుచేయు నేలపురుగులు గూడ అందులో పడును. పిల్లవాడు చేయి పెట్టినను, పిల్లి మూతి పెట్టినను మఱి యొక తంటా. చుట్టలోనైన పడినదానిని చూచి, ఉంచవలసినదానిని విడిచిపెట్టవచ్చును.

విడిచిపెట్టుట యేమని యడుగుదురేమో. ఈ పురుగు మొక్కల రసము పీల్చు పేనుబంకను, ఇతర పురుగుల గ్రుడ్లను గూడ తినును. ఐరోపాలో ఆపిలు తోటలవారు ఇది చెట్లపై నిలుచుటకు కోరి గూళ్లు అమర్చుదురు. కొబ్బరి మొవ్వులలో నుండు నల్లని జాతి యొకటి కొబ్బరికి కీడుచేయు పురుగులను వేటాడును. అందుచే బకెట్టులో నేనిపుడు సబ్బునీరు పోయుట మానితిని. నారుమడిలో దొరకినవానిని తీసికొనిపోయి దొడ్డి చివరనున్న జామచెట్టు క్రింద దులుపుచున్నాను. ఇంటిలోపల దొరకినవానికిని అదియే దారి.

దీనికి వేఱొక కారణమును గలదు. ఒకనాడు పూలకుండీ జరుపగా క్రింద తెల్లని గ్రుడ్ల కుప్పయు, దానిపై తల్లియు కనబడినవి. తక్కిన పురుగులవలె అది పరుగెత్తలేదు. పుల్లతో గ్రుడ్లను చెదరగొట్టితిని (చేయదగిన పని కాదు). అది యొక్కొక్కటిగా నోట కఱచుకొని వచ్చి మరల కుప్పగా చేర్చినది. పదునెనిమిదవ శతాబ్దమున స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు డి గీర్ ఇదే పరీక్ష చేసి, ఇట్లే చూచి వ్రాసియుంచెను. తల్లి ఆ గ్రుడ్లకు బూజు పట్టకుండ నాకుచు కాచును. పిల్లలు పుట్టిన పిదపను కొన్నాళ్లు వానిని విడువదు. నేను కుండీని మెల్లగా మరల దాని చోటనే పెట్టివచ్చితిని.

బోను పెట్టినంత మాత్రమున పని ముగియదు. గోడకు ఆనించిన ఇటుకలు, తడిసిన గోనెలు, కుళ్లిన ఆకులు, పాత కట్టెలు తీసివేయనిదే, పట్టినకొలదిని క్రొత్తవి వచ్చుచునేయుండును. గోడ మొదట జానెడు వెడల్పున నేలను ఒట్టిదిగాను పొడిగాను ఉంచుడు. మొక్కలకు సాయంకాలము కాక ఉదయమున నీరు పోయుడు. తూమునకు జల్లెడ బిగింపుడు, గడప క్రింది సందును సున్నముతో పూడ్పుడు. వీనిలో కొన్ని జాతులు దీపమునకు ఎగిరివచ్చును గనుక వాకిటి దీపమును రాత్రియంతయు వెలుగనీయకుడు. బిడ్డ ఊయలను గోడకు మూరెడు దూరము జరిపి, దుప్పటి అంచు నేలకు వ్రేలాడకుండ మడువుడు.

జాబు వ్రాసిన సోదరి చుట్టలు పెట్టిన మొదటి ఉదయము ఎన్ని పుంజీలు పడినవో, అత్తగారు బిడ్డను నేలకు దింపనిచ్చిరో లేదో, వచ్చే మాసములోగా వ్రాయుదురుగాక.