మన నదుల పేరు గల చోడి మన పిల్లల పళ్లెంలో ఏది?

విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం రూపొందించిన చోడి వంగడాలలో ఒకదాని పేరు చంపావతి, మరొకదాని పేరు వేగావతి. రెండూ మన నదుల పేర్లే. నూరు గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో అది 10 మిల్లీగ్రాములకు అటూ ఇటుగా మాత్రమే. ఇంతటి ధాన్యాన్ని మన నేలమీదనే తీర్చిదిద్దుకొని, కళాశాలల క్యాంటీన్లలో మన పిల్లలకు మైదా పూరీ, నూడుల్స్, శీతల పానీయాలు పెడుతున్నాము. దీనికి బాధ్యులెవరని మీరెన్నడైనా ప్రశ్నించారా?

నా ప్రశ్న విశ్వవిద్యాలయాలకు. ఎచ్చెర్లలో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. నైరలో వ్యవసాయ కళాశాల ఉన్నది. విజయనగరానికి 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం, 2022లో జె.ఎన్.టి.యు. గురజాడ వచ్చాయి. వీరందరూ కలిసి శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి, విజయనగరం ఘంటస్తంభానికి నడిచి వెళ్లగల దూరంలో చెరొక ఎకరం తోట, దానిలో ఒక వంటశాల, ఒక పరీక్షా కేంద్రం నెలకొల్పాలి. పట్టణవాసి అక్కడ పంటను చూడాలి, వండడం నేర్వాలి, కొనుక్కొని వెళ్లాలి.

“విశ్వవిద్యాలయం చదువు చెప్పాలి గాని ఆకుకూరలు అమ్మడమేమిటి?” అనే పెద్దలున్నారు. కెనడాలోని వాంకూవర్‌లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం 24 హెక్టార్ల క్షేత్రంలో పరిశోధన, బోధన, విక్రయం కలిపే నడుపుతున్నది. అంత దూరమెందుకు? 1999లో రైతు బజార్లు తెరిచిన రాష్ట్రం మనది.

ఈ పని అంగడివాడు చేయలేడు. మురుగునీటితో పెంచిన తోటకూరలో సీసం, కాడ్మియం, నులిపురుగుల గుడ్లు ఉండవచ్చు. లోహాలు కంటికి కనబడవు, కడిగినా పోవు. నీటిని, మట్టిని పరీక్షించి, ఫలితాన్ని గుమ్మంలో పలకమీద వ్రాసి పెట్టగలిగినది ప్రయోగశాల గల సంస్థ మాత్రమే.

“చిరుధాన్యాల సంవత్సరం జరిపాము గదా” అంటారు. 2023లో ఎన్నో చోట్ల జరిగింది బ్యానరు, శాలువా, ఒక చోడి లడ్డు. మరునాడు క్యాంటీనులో మళ్లీ పాత సరుకే. హానికర తిండిని ప్రాంగణాలలో అమ్మరాదని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 2016లో, 2018లో, మళ్లీ 2024లో సూచించింది. మూడుమార్లు చెప్పవలసి రావడమే మన నిర్లక్ష్యానికి సాక్ష్యం.

ఒక హెచ్చరిక కూడ అవసరం. చోడి సంజీవని కాదు. మెత్తని పిండితో జావ కాచి బెల్లం కలిపి త్రాగితే మధుమేహికి రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఉద్దానం మూత్రపిండ రోగులలో చాలామంది పొటాషియం, ఫాస్ఫరస్ లెక్క చూచుకొని తినవలసినవారు. చోళ్లు, ఆకుకూరలు ఎంత తీసుకోవచ్చునో వైద్యుని అడిగి తీరాలి. ఈ తేడాలు వాట్సాప్ సందేశాలు చెప్పవు. పోషకాహార అధ్యాపకురాలు పొయ్యి ప్రక్కన నిలబడి, కొలిచి చూపితే తెలుస్తాయి.

పాఠకులారా, మీ బిడ్డ ఈ కళాశాలల్లో చదువుతుంటే ఈ నెలలోనే ప్రిన్సిపాలుకు ఒక ఉత్తరం వ్రాయండి. క్యాంటీనులో వారానికి ఎన్ని రోజులు చోడి, ఎన్ని రోజులు తాజా కూరలు వడ్డిస్తున్నారో, ఆ కూరలు ఏ నీటితో పండాయో అడగండి. జవాబు లిఖితపూర్వకంగా కోరండి.