సావిత్రి కిడ్నీ ఇవ్వలేదు కదండీ!

భర్తకి కిడ్నీ ఇచ్చిన ఇల్లాలిని మనవాళ్ళు వెంటనే సతీ సావిత్రిని చేసేస్తారు. సావిత్రి యముడితో వాదించి భర్తని తెచ్చుకుంది గానీ, ఒంట్లోంచి ఏదీ కోసివ్వలేదు కదండీ! మన దగ్గరికొచ్చేసరికి "పసుపుకుంకుమలు నిలుపుకోవాలి కదమ్మా" అన్న ఒక్క మాటతో పనైపోతుంది.

మన దేశంలో బతికుండగా అవయవం ఇచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. మరి పుచ్చుకునేవాళ్ళు? 1995 నుంచి 2021 దాకా జరిగిన 36,640 అవయవ మార్పిడుల్లో ఆడవాళ్ళకి దక్కినవి 6,945. మగవాళ్ళకే జబ్బులెక్కువేమో అనకండి. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ప్రపంచం మొత్తమ్మీద ఆడవాళ్ళలోనే ఎక్కువ. "ఆయన సంపాదించేవాడు" అంటారు. తెల్లారకుండా లేచి అందరూ పడుకున్నాక నడుం వాల్చేదాని పనికి జీతం లేదని ప్రాణానికీ విలువ లేదా? "ఆయన గ్రూపు కలవలేదు" అనేది ఇంకో మాట. గ్రూపు కలవని రెండు కుటుంబాలు దాతల్ని మార్చుకోవచ్చని 2011లో చట్టాన్నే సవరించారు.

ఇవ్వొద్దని నేననడం లేదు. అన్ని పరీక్షలూ చేసి సరేనన్న దాతల్లో ఎక్కువమంది ఒక్క కిడ్నీతో నిక్షేపంగా ఉంటారు. కానీ "ఏమీ కాదు" అన్న మాట మాత్రం అబద్ధం. జీవితకాలంలో కిడ్నీ పూర్తిగా చెడిపోయే అవకాశం దాతల్లో పదివేలకి 90, అంతే ఆరోగ్యంగా ఉండి ఇవ్వనివాళ్ళలో 14 అని 2014లో అమెరికా అధ్యయనం ఒకటి లెక్కగట్టింది. 2015 నాటి కెనడా అధ్యయనంలో, కిడ్నీ ఇచ్చాక గర్భం దాల్చినవాళ్ళలో నూటికి 11 మందికి గర్భంతో బీపీ సమస్యలొచ్చాయి. ఇవ్వనివాళ్ళలో 5. పిల్లలింకా కావాలనుకునే కోడలికి ఈ సంగతి ఎవరు చెప్తున్నారు?

పెట్టిన కిడ్నీ కూడా శాశ్వతం కాదు. చాలామందికి పది, పదిహేనేళ్ళు పనిచేస్తుంది. తర్వాత మళ్ళీ డయాలసిస్సో, ఇంకో దాతో. అప్పుడు చూపులన్నీ కూతురి వైపు తిరుగుతాయి. ఈలోగా ఆయన మందులు వేళకి అందించేది ఈవిడే. మా గొలుగొండ లాంటి ఊరి నుంచి నర్సీపట్నం మీదుగా విశాఖ చెకప్పుకి వెంట వెళ్ళేదీ ఈవిడే. ఏడాదికోసారి తన బీపీ, క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ చూపించుకోమని ఆమెతో అనేవాళ్ళు ఇంట్లో ఎవరున్నారు?

దాత ఆడమనిషైతే ఆమె సొంత ఇష్టాన్ని పుచ్చుకునే మనిషి కాకుండా వేరొకరు నిర్ధారించాలని 2014 నిబంధనలు చెప్తున్నాయి. ఆసుపత్రిలో అడగడానికి ముందు ఇంట్లో అడగాలి. "కాదన్నా నిన్నెవరూ ఏమీ అనరు" అని చెప్పి మరీ అడగాలి. కాదనే వీలు లేని చోట అవునన్నది దానమెలా అవుతుంది?

మీ ఇంట్లో కిడ్నీ ఇచ్చిన ఆడమనిషి ఉంటే, ఈ నెలలోనే ఆమె పరీక్షలు చేయించండి. రేపు ఆమెకే అవసరం పడితే ఇచ్చేదెవరో కూడా, మగవాళ్ళందరూ భోజనాల దగ్గర ఉన్నప్పుడే అడిగేయండి.