లైసెన్స్ షాపుకే, మనిషికి కాదు

కర్నూల్లో మసాజ్ సెంటర్ పెట్టాలంటే మున్సిపల్ కార్పొరేషన్ ఇచ్చే ట్రేడ్ లైసెన్స్ కావాలి. కడపలోనూ అంతే. ఫ్రేమ్ కట్టించి గోడకి తగిలిస్తారే, అదే! కానీ అది షాపుకిచ్చింది. మన వెన్ను మీద చెయ్యేసే మనిషి ఏం నేర్చుకున్నారో, మీద కేసులేమైనా ఉన్నాయో ఆ కాగితం చెప్పదు.

మనోళ్లు బోలెడంతమంది ఉన్న డల్లాస్ సంగతి చూడండి. టెక్సాస్ రూల్ ప్రకారం 500 గంటల ట్రైనింగ్, ఆపైన పరీక్ష, వేలిముద్రలతో క్రిమినల్ రికార్డ్ చెక్. అన్నీ అయ్యాకే లైసెన్స్, అదీ మనిషి పేరు మీద.

ఇక్కడ స్పా అనే మాట వార్తల్లోకి వచ్చేదే పోలీసులు రెయిడ్ చేసినప్పుడు. పెట్టేది 1956 నాటి వ్యభిచార నిరోధక చట్టం కేసు. పని నేర్చుకుని నిజాయితీగా బతికేవాళ్లకీ ఆ మరకే అంటుతోంది. నాకు ఎక్కువ బాధనిపించేది ఇదే.

మా అమ్మ నడుం నొప్పికి ఒకామెను ఇంటికి పిలిపించాం. పోలీస్ వెరిఫికేషన్ సంగతి అడగబోతే అమ్మే అడ్డుపడింది, "చెయ్యి మంచిదైతే సాలు, కాగితాలెందుకు నాయనా" అని. ఆమె మాత్రం ఏమీ అనుకోలేదు. ఆధార్ జిరాక్స్ తనే తీసిచ్చింది.

"మసాజ్ అంటానే ఒక రకంగా సూస్తారన్నా. నా పేరు మీద ఒక కార్డుంటే, అదే సూపిచ్చేదాన్ని" అంది.