కాళ్లున్నా కదలవు.. వైకల్య బీమాకు ఒక్క వాక్యమే కీలకం

తాటిచెట్టు పైనుంచి పడి వెన్నుపూస దెబ్బతిన్న గీత కార్మికుడికి కాళ్లు రెండూ ఉంటాయి. కానీ అవి కదలవు. చెట్టెక్కే వృత్తి ఆ రోజుతోనే ముగుస్తుంది. ఏటా రూ.20 ప్రీమియం చెల్లించిన ఆ కుటుంబం ప్రధానమంత్రి సురక్ష బీమా యోజన కింద పరిహారం కోరినప్పుడు రెండు అభ్యంతరాలు ఎదురుకావచ్చు. ఒకటి, అవయవం తెగిపోలేదన్నది. రెండోది, పోలీసు కేసు లేదన్నది. ఈ రెండింటికీ పథకం నిబంధనల్లోనే సమాధానం ఉంది. అది తెలియక మిన్నకుంటే నష్టపోయేది బాధితుడే.

నిబంధన ఏమంటోంది?

2015లో ప్రారంభమైన ఈ పథకం 18 నుంచి 70 ఏళ్ల లోపు బ్యాంకు, తపాలా ఖాతాదారులకు వర్తిస్తుంది. రూ.12గా ఉన్న వార్షిక ప్రీమియాన్ని 2022 జూన్ 1 నుంచి రూ.20కి పెంచారు. ప్రమాదంలో మరణించినా, రెండు కళ్లు పూర్తిగా పోయినా, రెండు చేతులు లేదా రెండు కాళ్ల వినియోగం కోల్పోయినా రూ.2 లక్షలు చెల్లించాలి. ఒక కంటిచూపుతో పాటు ఒక చేయి లేదా కాలు వినియోగం కోల్పోయినా అంతే. ఒక కన్ను గానీ, ఒక చేయి లేదా కాలు వినియోగం గానీ కోల్పోతే రూ.లక్ష.

ఇక్కడ కీలకమైన మాట ‘వినియోగం’. అవయవం తెగిపోవాలన్న షరతు లేదు. అది ఇక పనికిరాదని తేలితే చాలు.

పోలీసు కేసు విషయమూ అంతే. రోడ్డు, రైలు ప్రమాదాల వంటి వాటిని పోలీసులకు తెలియజేయాలి. పాముకాటు, చెట్టుపై నుంచి పడటం వంటి ఘటనలకు మాత్రం వెంటనే చేరిన ఆసుపత్రి రికార్డు ఆధారంగా ఉండాలి. కాబట్టి చేరిన రోజున కేసు షీటులో ‘చెట్టుపై నుంచి పడి’ అని నమోదు చేయించుకోవడం ముఖ్యం. ‘వెన్నునొప్పి’ అని మాత్రమే రాస్తే ఆ తర్వాత ప్రమాదమని రుజువు చేయడం కష్టమవుతుంది.

శాతం ఒక్కటే చాలదు

సదరం ధ్రువపత్రంలో 80 శాతం వైకల్యం అని ఉంటే బీమా సొమ్ము వస్తుందని చాలామంది భావిస్తారు. ఆ శాతం పింఛను, రాయితీల కోసం వేసే లెక్క. బీమా సంస్థ చూసేది పాలసీలోని మాటలను. ‘రెండు కాళ్ల వినియోగం పూర్తిగా, శాశ్వతంగా కోల్పోయారు’ అన్న వాక్యాన్ని వైద్యుడు స్పష్టంగా రాస్తే వివాదానికి తావు తగ్గుతుంది.

వృత్తి నష్టాన్ని లెక్కించే తీరులోనూ తేడా ఉంది. మోచేతి పైభాగం నుంచి ఎడమ చేయి కోల్పోయిన వడ్రంగిది సంపూర్ణ వైకల్యమేనని 1975లో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే అది కార్మిక నష్టపరిహార చట్టం కింద ఇచ్చిన తీర్పు. సురక్ష బీమాలో మాత్రం వడ్రంగికైనా, గుమస్తాకైనా ఒక చేతికి లభించేది రూ.లక్షే. మంచాన పడిన నెలల్లో పోయిన కూలికి ఈ పథకంలో పైసా రాదు. అందుకు వారంవారం పరిహారం చెల్లించే వ్యక్తిగత ప్రమాద బీమా విడిగా తీసుకోవాలి.

తిరస్కరిస్తే..

ఈ పథకంలో మాస్టర్ పాలసీ బ్యాంకు పేరిట ఉంటుంది. అందుకే ఏ బీమా సంస్థతో ఒప్పందం ఉందో ఖాతాదారుడికి తెలియని పరిస్థితి. ప్రమాదం జరిగిన 30 రోజుల్లోగా దరఖాస్తును శాఖలోనే ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఆలస్యానికి తగిన కారణం ఉంటే, ఆ ఒక్క సాకుతో న్యాయమైన క్లెయిములను తోసిపుచ్చరాదని బీమా నియంత్రణ సంస్థ 2011లోనే ఆదేశించింది.

తిరస్కరణను లిఖితపూర్వకంగా కోరాలి. ఆ లేఖలో లేని కొత్త కారణాలను సంస్థ ఆ తర్వాత ముందుకు తేలేదని 2019లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మొదట సంస్థ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. 155255 నంబరుకు గానీ, బీమా భరోసా పోర్టల్‌లో గానీ ఫిర్యాదు చేయవచ్చు.

నెల రోజుల్లో జవాబు రాకున్నా, వచ్చిన జవాబు సంతృప్తినివ్వకున్నా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఏడాదిలోగా ఆశ్రయించాలి. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ కార్యాలయం పరిధిలోనివే. రుసుము లేదు, న్యాయవాదితో పనిలేదు. అక్కడి అవార్డుకు సంస్థ కట్టుబడాల్సిందే. అది నచ్చకపోతే బాధితుడికి జిల్లా వినియోగదారుల కమిషన్ మార్గం ఉంది. అక్కడి గడువు రెండేళ్లు. కమిషన్‌లో కేసు నడుస్తుండగా మాత్రం అదే వివాదంపై అంబుడ్స్‌మన్‌ వద్దకు వెళ్లడానికి వీల్లేదు.

చెల్లింపు కట్టిన ఏడాదికే రక్షణ. అది మే 31తో ముగుస్తుంది. ఆ సమయంలో ఖాతాలో రూ.20 లేక ప్రీమియం జమ కాకపోతే, జూన్‌లో ప్రమాదం జరిగినా ఈ మార్గాలేవీ అక్కరకు రావు. పాస్‌పుస్తకంలో ఆ కోత నమోదైందో లేదో చూసుకోవడమే తొలి జాగ్రత్త.