పొలమారితే తేలిగ్గా తీసుకోరాదు

అన్నం తింటుండగా పొలమారితే ఎవరో తలచుకుంటున్నారని నెత్తిన తట్టి ఊరుకోవడం పల్లెల్లో అలవాటు. ఆరోగ్యంగా ఉన్నవారికి దానివల్ల వచ్చే నష్టం లేదు. కానీ పక్షవాతంతో మంచాన పడ్డ మనిషికి మాటిమాటికీ పొలమారుతుంటే అది ప్రమాద సూచన.

పక్షవాతం కాలుచేతులనే కాదు, గొంతు కండరాలనూ దెబ్బతీస్తుంది. తొలిరోజుల్లో దాదాపు సగం మందికి గుటక సరిగా పడదు. కడుపులోకి పోవలసిన నీళ్లు, మెతుకులు ఊపిరి గొట్టంలోకి జారతాయి. దాంతో నిమ్ము చేసి ప్రాణం మీదికి వస్తుంది. కొందరికి దగ్గు కూడా రాదు. తిన్నాక గొంతు గరగరలాడటం, తరచూ జ్వరం రావడమే గుర్తులు.

ఇంటివారికి ఇది తెలియదు. నాలుగు చుక్కలైనా కడుపులో పడాలన్న ఆరాటంతో పడుకోబెట్టే పాలు, గంజి పోస్తారు. మగతలో ఉన్నా నోరు తెరిచి మందు పోస్తారు. ప్రేమతో చేసే ఈ పనే ముప్పు తెస్తుంది. పక్షవాతం వచ్చిన మనిషిని వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. గుటక పడుతున్నదీ లేనిదీ అక్కడ చూసేవరకు మంచినీళ్లు సైతం పోయరాదు.

డాక్టరు తినిపించమన్నాక కూడా జాగ్రత్త తప్పదు. రోగిని నిటారుగా కూర్చోబెట్టాలి. చిన్న చెంచాతో కొద్దిగా పెట్టి, గుటక పడిందని చూశాకే రెండో చెంచా అందించాలి. తినేటప్పుడు మాట్లాడించరాదు. చాలామందికి మెత్తని గుజ్జు కన్నా పలచని నీళ్లే కష్టం. అందుకే చారన్నం కన్నా బాగా మెదిపిన పప్పన్నం, చిక్కటి జావ మేలు. ఎంత చిక్కగా ఉండాలో డాక్టరును అడగాలి. మరమరాలు, వేరుశనగ గుళ్లు పనికిరావు. తిన్నాక దవడలో మెతుకులు మిగలకుండా నోరు శుభ్రం చేసి, అరగంటసేపు కూర్చోబెట్టే ఉంచాలి.

ఈ సంగతులు చెప్పవలసింది ఆసుపత్రులే. ఇంటికి పంపేటప్పుడు మందుల చీటీ చేతికిచ్చి సరిపెట్టడం తగదు. తినిపించేది భార్య అయినా, కొడుకైనా, కోడలైనా వారిని పిలిచి, ఎదుట ఒక పూట తినిపింపజేసి, లోపాలు దిద్ది పంపాలి. దీనికి యంత్రాలు, నిధులు అక్కరలేదు. కాస్త తీరిక చాలు. ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు కూడా ఇందులో తర్ఫీదు ఇప్పించాలి.

చాలామందికి కొన్ని వారాల్లో గుటక మళ్లీ కుదురుకుంటుంది. ఆ కొద్ది వారాలు ఓపిక పడితే మనిషి దక్కుతాడు.