కెమేరా చివర కొందాం

మన కళాశాలలో ఈ మధ్య ఏ నలుగురు సైన్సు విద్యార్థులు ఒకచోట చేరినా మాట డ్రోను మీదికి మళ్లుతోంది. మంచిదే. ఒకనాడు రేడియో సెట్టు సొంతంగా బిగించుకోవాలని ఉబలాటపడిన విద్యార్థి లోకానికి ఈనాడు నాలుగు రెక్కల యంత్రం దొరికింది. కాని ఆ కబుర్లు వింటుంటే నాకొక సంగతి తోస్తుంది. ప్రతివాడూ కెమేరాతోనే మొదలుపెడతాడు. ఏ కెమేరా పెడదాం, బొమ్మ ఎంత స్పష్టంగా వస్తుంది, ఎంత దూరం పోతుంది అంటాడే తప్ప, అది గాలిలో ఎలా నిలబడుతుంది, పడితే ఏమవుతుంది అని అడిగేవాడు అరుదు. పెళ్లి ఫోటోగ్రాఫరు చేతిలో చూసిన డ్రోనును మనసులో పెట్టుకుని, జేబులో ఉన్న పది పదిహేను వేలతో దాన్నే తయారు చేద్దామనుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

తక్కువ డబ్బుతో, మొదటిసారి, సొంతంగా కెమేరా డ్రోను చేయదలచినవాడు కెమేరాను చిట్టచివర కొనాలన్నది నా అభిప్రాయం. అంతేకాదు, మొదట కావలసిన సామగ్రిలో కొంత భాగం అతను కొననే కూడదు, కళాశాల కొనాలి. ఈ రెండో మాట కొందరికి రుచించకపోవచ్చు. అందుకే లెక్కలతో సహా చెబుతాను.

ముందు యంత్రం సంగతి. నాలుగు మోటార్లలో ఎదురెదురు మూలల్లో ఉన్న రెండూ ఒకవైపు తిరిగితే, మిగిలిన రెండూ ఇంకోవైపు తిరగాలి. అన్నీ ఒకేవైపు తిరిగితే న్యూటన్ మూడో సూత్రం ఊరుకోదు. యంత్రం మొత్తం ఎదురు దిక్కుకు బొంగరంలా తిరుగుతుంది. ఏ మోటారు ఏ క్షణాన ఎంత వేగంతో తిరగాలో నిర్ణయించేది మధ్యలో కూర్చునే ఫ్లైట్ కంట్రోలర్. అందులోని గైరో యంత్రం ఎటు ఒరుగుతోందో సెకనుకు కొన్ని వందలసార్లు చూసి సరిదిద్దుతూ ఉంటుంది. మన చేతిలోని రిమోటు "ముందుకు పో" అని మాత్రమే చెబుతుంది. పడిపోకుండా చూసే పని మనది కాదు, మనిషి చేతికి అంత చురుకూ లేదు.

ఇక అసలు శత్రువు బరువు. అవే రెక్కలతో గాలిలో నిలబడటానికి కావలసిన శక్తి బరువుతో సమంగా పెరగదు, అంతకంటె వేగంగా పెరుగుతుంది. బరువు 10 శాతం పెరిగితే శక్తి సుమారు 15 శాతం పెరుగుతుంది. మన ఫిజిక్సు పుస్తకంలోని ద్రవ్యవేగం పాఠం చదివినవాడు దీన్ని కాగితం మీద తానే రాబట్టుకోవచ్చు. మొదటిసారి చేసేవాళ్లు ఎక్కువగా వాడే 450 మిల్లీమీటర్ల ఫ్రేమును, పది అంగుళాల రెక్కలను తీసుకుందాం. అన్నీ బిగించాక కిలో వంద గ్రాముల దాకా తూగుతుంది. మూడు సెల్లుల 2200 మిల్లీ ఆంపియర్-అవర్ బ్యాటరీలో ఉండేది 24 వాట్-అవర్లు. లిథియం బ్యాటరీని పూర్తిగా పీల్చేస్తే అది పాడైపోతుంది గనుక అందులో 80 శాతమే మనది. నిలకడగా ఉండటానికి 140 వాట్లు తింటుందనుకుంటే చేతికి వచ్చేది ఎనిమిది నిమిషాలు. ఇప్పుడు "కెమేరా ఎందుకు దండగ, నా పాత ఫోనే కట్టేద్దాం" అనే మిత్రుడి మాట విందాం. ఫోను 190 గ్రాములు. ఎనిమిది నిమిషాలు కాస్తా ఆరున్నర అవుతాయి. పోనీ రెండో బ్యాటరీ కడితే పదహారు రావాలి కదా? రావు. ఆ బ్యాటరీ తనను తానే మోసుకోవాలి గనుక పదమూడు వస్తాయి. కాగితం మీద ఈ కూడికలు చేయకుండా బజారుకు పోయినవాడికి బజారే పాఠం చెబుతుంది, ఫీజు కూడా అదే నిర్ణయిస్తుంది.

డబ్బు దగ్గరికి వద్దాం. నేను వేసుకున్న అంచనా ఇది; ధరలు అటూ ఇటూ అవుతాయి గాని పాళ్లు పెద్దగా మారవు. ఫ్రేము 900, నాలుగు మోటార్లు 1,600, వాటికి నాలుగు స్పీడ్ కంట్రోలర్లు 1,600, ఫ్లైట్ కంట్రోలర్ 3,000, బ్యాటరీ 1,800, ఆరు జతల రెక్కలు 600, తీగలూ కనెక్టర్లూ పట్టీలూ 500. వెరసి 10,000 రూపాయలు. ఇది గాలిలోకి వెళ్లేది. నేలమీద ఉండిపోయేది ఇంకొకటుంది: రిమోటు, దాని రిసీవరు కలిపి 4,500, సెల్లు సెల్లుకూ సమంగా ఎక్కించే మంచి చార్జరు 1,800, సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్ కలిపి 1,000. వెరసి 7,300. మొత్తం 17,300 రూపాయలైంది, ఇందులో కెమేరా ఇంకా లేనే లేదు.

ఆరు జతల రెక్కలు ఎందుకని అడుగుతారేమో. యంత్రానికి కావలసింది రెండు జతలే. మా నాన్న మిర్చి రైతు. ఈ కాగితం ఆయనకు చూపించినప్పుడు మోటార్ల గురించి గాని, గైరో గురించి గాని ఒక్క మాట అడగలేదు. "ఎగరటం సరేరా, పడితే ఎంత మిగులుద్ది?" అన్నాడు. ఇంతకంటె మంచి ఇంజనీరింగు ప్రశ్న నాకు ఏ పుస్తకంలోనూ కనబడలేదు. పంట వేసే ముందే చీడకు, వానకు, ధరకు ఎంత పోతుందో వేసుకునే మనిషి ప్రశ్న అది. కొత్తవాడి డ్రోను పడుతుంది. పడి తీరుతుంది. పడినప్పుడు ముందు విరిగేవి రెక్కలు, ఆ తర్వాత ఫ్రేము చేతులు. అవి చవక. వాటితోపాటు కెమేరా కూడా నేలను తాకితే విరిగేది ఉత్సాహం.

కాబట్టి క్రమం ఇలా ఉండాలంటాను. మొదట రిమోటును కేబులుతో కంప్యూటరుకు తగిలించి, సిమ్యులేటరులో ఓ ఇరవై గంటలు ఎగరేసి, పడేసి, మళ్లీ ఎగరేయాలి. అక్కడ ఎన్నిసార్లు పడినా రూపాయి పోదు. తర్వాత యంత్రాన్ని బిగించాలి. బల్లమీద మోటార్లను పరీక్షించేటప్పుడు రెక్కలు ఊడదీసి ఉండాలన్న సంగతిని పెద్దక్షరాలతో గోడమీద రాసుకోవాలి, వేళ్లు మళ్లీ మొలవవు. ఆ తర్వాత గడ్డిమీద, మోకాలి ఎత్తున. అది కుదిరాక కెమేరా ఉండవలసిన చోట వంద గ్రాముల సబ్బు బిళ్ల కట్టి ఎగరేయాలి. సబ్బు బిళ్లను పది రోజులు క్షేమంగా దింపగలిగినవాడే కెమేరా కొనడానికి అర్హుడు. నవ్వకండి, ఇది నిజంగానే అంటున్నాను. బరువు ఎక్కినప్పుడు యంత్రం నడక మారుతుంది, ఆ మార్పు సబ్బుతోనే తెలిసిపోతుంది.

కెమేరా దగ్గర కూడా పెళ్లి వీడియో మనల్ని పెడదారి పట్టిస్తోంది. నీళ్లు తొణకనట్టు సాగే ఆ బొమ్మకు గింబల్ అనే సాధనం కావాలి, దానికి వేరే మోటార్లు, వేరే బరువు, వేరే డబ్బు. పొలానికి అది అక్కర్లేదు. ముప్పై మీటర్ల ఎత్తునుంచి కిందికి చూస్తూ రెండు సెకన్లకొకసారి ఒక ఫోటో తీసే చిన్న కెమేరా చాలు. నారు ఎక్కడ చచ్చింది, నీరు ఎక్కడ నిలిచింది, ఏ మూల పైరు పాలిపోయింది అన్నది గట్టుమీద నిలబడితే కనబడదు, పైనుంచి కనబడుతుంది. రెక్కలు సమతూకంలో లేకపోతే ఆ అదురుకు బొమ్మ అలలు అలలుగా వంకర్లు పోతుంది. రెక్కలను తూచి సరిచేసి, కెమేరా కింద స్పాంజి ముక్క పెడితే చాలావరకు సర్దుకుంటుంది. అందమైన బొమ్మలే కావాలనుకున్నవాడు తయారైన డ్రోను కొనుక్కోవడమే మేలని కూడా ఒప్పుకుంటాను. ఇంట్లో చేసినది దానితో పోటీపడదు.

మరి ఎందుకు చేయడం? మా ఊళ్లో ఆయిల్ ఇంజను వచ్చిన కొత్తలో అది ఆగితే పట్నం పరుగెత్తేవారట. తర్వాత విప్పడం, బిగించడం ఊరివాళ్లకే పట్టుబడింది. బోరు మోటారు కాలితే వైండింగు చేసేవాడు ఇవాళ ప్రతి మండల కేంద్రంలోనూ ఉన్నాడు. ఇప్పుడు మందు కొట్టే డ్రోను ఊళ్లోకి దిగుతోంది. 15,000 మహిళా స్వయం సహాయక సంఘాలకు డ్రోన్లు ఇవ్వడానికి కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో నమో డ్రోన్ దీదీ పథకాన్ని ఆమోదించింది. ఖరీదులో 80 శాతం, 8 లక్షల రూపాయలకు మించకుండా సాయం. నాకు అభ్యంతరం లేదు. అయితే సీజను మధ్యలో ఒక స్పీడ్ కంట్రోలర్ కాలిపోతే విప్పి చూసేదెవరు? పదివేల డ్రోనులోనూ లక్షల డ్రోనులోనూ లోపల ఉన్న సూత్రం ఒక్కటే. ఆ సూత్రం రైతు బిడ్డల చేతికి రాకపోతే మనం బటను నొక్కేవాళ్లుగానే మిగులుతాం.

ఇది మనవల్ల అయ్యే పని కాదనేవారికి ఒక పేరు చెబుతాను. మెక్సికోలో పుట్టిన జోర్డీ మున్యోజ్ అమెరికాలో గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తూ, ఇరవై దాటీ దాటని వయసులో, వీడియో గేము రిమోటులోని సెన్సార్లు పీకి బొమ్మ హెలికాప్టరుకు అమర్చాడు. 2009లో క్రిస్ ఆండర్సన్‌తో కలిసి కంపెనీయే పెట్టాడు. అలాంటి ఔత్సాహికుల చేతుల్లో పెరిగిన ఆర్డుపైలట్ సాఫ్ట్‌వేర్ ఇవాళ ఎవరికైనా ఉచితం. కాకపోతే చవకగా దొరుకుతుందని ఏపీఎం 2.8 బోర్డు కొనేవారు ఒకటి గమనించాలి: దానిమీద కొత్త వెర్షన్లు నడవవు, 3.2.1 దగ్గరే ఆగిపోయింది.

ఇక చట్టం. తయారైన విదేశీ డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరిలో నిషేధించారు, విడిభాగాలకు ఆ అడ్డు పెట్టలేదు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపుది నానో, అక్కడినుంచి 2 కిలోల వరకు మైక్రో. మన 1,100 గ్రాముల యంత్రం మైక్రో అన్నమాట, ఒంటరి విద్యార్థి దానికి నమోదు సంగతి చూసుకోవాలి. కాని అవే నిబంధనలు పరిశోధన నిమిత్తం ప్రభుత్వ గుర్తింపు గల విద్యాసంస్థలకు ఒక వెసులుబాటు ఇచ్చాయి. తమ ఆవరణ గ్రీన్ జోన్‌లో ఉంటే అక్కడ నమోదు సంఖ్య, పైలట్ సర్టిఫికెట్ లేకుండా ఎగరేసుకోవచ్చు. జోన్ల మ్యాపు ప్రభుత్వమే పెట్టింది, మన మైదానం ఏ రంగులో ఉందో ఎవరైనా చూడవచ్చు. అంటే నాకు, మా నాన్న పొలానికి లేని హక్కు మన కళాశాల మైదానానికి ఉండే అవకాశం ఉంది. దాన్ని వాడుకోకుండా మైదానాన్ని ఏడాదికోసారి స్పోర్ట్స్ డే కోసం సున్నం గీతలకు వదిలేయడం న్యాయమా?

అందుకే విద్యార్థి సంఘాన్ని కోరేది ఇది. పది వేల భాగాన్ని మేం నలుగురం కలిసి తెచ్చుకుంటాం. నేలమీద ఉండే 7,300 భాగాన్ని సంఘం కొనాలి. అది ఎగరదు, విరగదు, ఒకరి తర్వాత ఒకరికి పనికొస్తుంది. ఒకే రిమోటు అనేక యంత్రాలను గుర్తుంచుకుంటుంది, యంత్రానికొక రిసీవరు మాత్రం ఎవరిది వారు తెచ్చుకోవాలి. చార్జరు హాస్టల్లో కాకుండా కళాశాలలో ఉండటానికి ఇంకో కారణమూ ఉంది. ఉబ్బిన లిథియం బ్యాటరీ మంచం పక్కన అంటుకుంటే గదిలో నలుగురి పుస్తకాలతో ఆగదు. సిమెంటు గచ్చు మీద, పక్కన ఇసుక బకెట్టు పెట్టుకుని, మనిషి ఎదురుగా ఉండగా చార్జి చేయవలసిన వస్తువు అది. నిరుడు వార్షికోత్సవానికి గేటు నుంచి ఆడిటోరియం దాకా కట్టిన ఫ్లెక్సీలను లెక్కపెట్టినవారికి 7,300 పెద్ద మొత్తంగా తోచదు.

సామాను ఫిజిక్సు ల్యాబులో ఒక బీరువాలో పెట్టి, తాళంచెవి ల్యాబ్ అటెండరుగారి దగ్గర ఉంచి, తీసుకున్నవారు రిజిస్టరులో సంతకం పెట్టేలా చేస్తే సరిపోతుంది. సంఘం కార్యవర్గం ఏటా మారుతుంది, మేమూ వచ్చే ఏడాది వెళ్లిపోతాం. ఆయన మాత్రం ఇక్కడే ఉంటారు.